విమానం బాగున్న రోజునే దాని పక్కన కూర్చోవాలి

సొంతంగా చిన్న విమానం నడిపేవాళ్ల దగ్గర మెయింటెనెన్స్ మాట ఎత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. "మనం పైలట్లం, మెకానిక్కులం కాదు. స్పానర్ పట్టుకోవడం మన పని కాదు" అనేది ఒకటి. "ఇందులో ఏముంది, పాడైన పార్టు తీసేసి కొత్తది బిగిస్తే సరి" అనేది ఇంకొకటి. మొదటి మాటలో వినయం ఉంది, రెండో మాటలో ధైర్యం ఉంది. కానీ అసలు ఏది పాడైందో ఎలా తెలుస్తుంది అని అడిగితే రెండింటి దగ్గరా సమాధానం లేదు.

ఇంజిన్ హాయిగా తిరుగుతున్న రోజుల్లో దాన్ని చూసి, విని, రాసి పెట్టుకున్నవాడికే తేడా వచ్చిన రోజు అది తేడా అని అర్థమవుతుంది. లోపం వెతికే పని అక్కడ మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఆ అవకాశం ఓనర్‌కి ఉన్నంతగా ఇంకెవరికీ ఉండదు. మెకానిక్ ఎంత గొప్పవాడైనా మన విమానాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు చూస్తాడు. అప్పటికి కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పి ఉంటుంది, ఇంజిన్ చల్లారి ఉంటుంది. గాల్లో పైకి ఎక్కుతున్నప్పుడు, ఎండలో టాక్సీ చేస్తున్నప్పుడు (నేల మీద నడిపేటప్పుడు), చలిలో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో చూసేది సీట్లో కూర్చున్న మనిషి ఒక్కడే. అందుకే మెయింటెనెన్స్ నేర్చుకోవడాన్ని డబ్బు మిగుల్చుకునే ఉపాయంగానో, సెలవు రోజు కాలక్షేపంగానో చూడటం నాకు నచ్చదు. అది పైలట్ చదువులో ఒక భాగం.

నేను చెబుతున్నది అమెరికాలోని లైట్ స్పోర్ట్ విమానాల గురించి. 2004లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఈ వర్గాన్ని తెచ్చినప్పుడు గరిష్ఠ బరువు 600 కిలోలు, సీట్లు రెండు, వేగం 120 నాట్లు అని హద్దులు పెట్టింది. నీటి మీద దిగే రకాలకు బరువులో కాస్త వెసులుబాటు ఇచ్చింది. మెయింటెనెన్స్ విషయంలో మాత్రం ఓనర్ని బాగానే నమ్మింది. ఫ్యాక్టరీ నుంచి తయారై వచ్చే ఎస్-ఎల్ఎస్ఏ అయితే ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, టైరు మార్చడం లాంటి పనులు పైలట్ సర్టిఫికెట్ ఉన్న ఓనరే చేసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టొచ్చు. ఎక్స్‌పెరిమెంటల్ కిందకు వచ్చే ఇ-ఎల్ఎస్ఏ అయితే ఇంకా స్వేచ్ఛ ఉంటుంది. 16 గంటల కోర్సు పూర్తి చేసి ఇన్‌స్పెక్షన్ రేటింగ్‌తో రిపేర్‌మన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే, తన విమానానికి ఏటా జరగాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ కూడా తనే చేసుకోవచ్చు. నాది ఈ రెండో రకం. 2025లో ఎఫ్ఏఏ ఖరారు చేసిన మొజాయిక్ అనే కొత్త నిబంధనలు పాత 600 కిలోల హద్దును తీసేశాయి. దాంతో ఈ వర్గంలోకి ఇంకా పెద్ద, ఇంకా క్లిష్టమైన విమానాలు వస్తున్నాయి. ఓనర్లు ఎంత నేర్చుకోవాలి అన్న చర్చ ఇప్పుడే గట్టిగా జరగాలని నేను అనుకోవడానికి అదొక కారణం.

16 గంటలంటే ఒక శని, ఆదివారం. చట్టం ఏం చెబుతుందో, తనిఖీ ఎలా చేయాలో, రికార్డు ఎలా రాయాలో ఆ రెండు రోజుల్లో చక్కగా నేర్పుతారు. మన ఇంజిన్ మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఏ కోర్సూ నేర్పలేదు. దాన్ని హ్యాంగర్లో ఎవరికి వారే నేర్చుకోవాలి.

నా విమానంలో ఉన్నది రోటాక్స్ కంపెనీ 912 ఇంజిన్, 100 హార్స్‌పవర్ రకం. లైట్ స్పోర్ట్ విమానాలు చాలావాటిలో ఉండేది ఈ కుటుంబం ఇంజినే. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి స్పార్క్ ప్లగ్గులు, రెండు వేర్వేరు ఇగ్నిషన్ సర్క్యూట్లు, రెండు కార్బ్యురేటర్లు. సిలిండర్ హెడ్లు నీటితో చల్లబడతాయి, సిలిండర్లు గాలితో. ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా పక్కన విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. ఆ ఆయిల్ మట్టం చూడాలంటే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే గాలి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెంచి, అడుగున మిగిలిన ఆయిల్ని ట్యాంకులోకి నెడుతుంది. కాసేపటికి ట్యాంకు మూతి దగ్గర గుడగుడమని శబ్దం వస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి చూడాలి.

చాలామంది దీన్ని ఆయిల్ చూసే ముందు తప్పని తంతుగా ముగించేస్తారు. నాకైతే రోజు మొత్తంలో ఇదే ముఖ్యమైన పరీక్ష. ఇగ్నిషన్ స్విచ్చులు రెండూ ఆఫ్ చేసి, అయినా సరే ఇంజిన్ ఏ క్షణంలోనైనా అందుకోవచ్చు అన్నట్టు ఒళ్లు దూరంగా పెట్టి, తిరగాల్సిన దిక్కునే బ్లేడుని తిప్పుతాను. వెనక్కి తిప్పకూడదని తయారీదారే చెబుతాడు, ఆయిల్ దారుల్లోకి గాలి చొరబడుతుంది. బ్లేడు తిప్పుతుంటే ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చేతికి తగులుతుంది. బిగుసుకోవడం, దాటడం, వదలడం, మళ్లీ బిగుసుకోవడం. నాలుగూ ఒకేలా ఉన్నాయా? ఏదైనా మెత్తగా జారిపోయిందా? వాల్వు సరిగా మూసుకోని సిలిండర్ చేతికి ఇట్టే దొరికిపోతుంది. అయితే బాగున్నప్పుడు ఆ బిగుతు ఎంతో చేతికి ముందే అలవాటై ఉండాలి.

మాన్యువల్లో రాసి ఉన్న హద్దులకూ మన ఇంజిన్ అలవాటుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. టేకాఫ్‌కి ముందు 4000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో ఇగ్నిషన్‌ని విడివిడిగా ఆపి చూస్తాం. ఒకటి ఆపితే ఆర్‌పీఎమ్ కొంచెం పడిపోతుంది, దీన్నే డ్రాప్ అంటారు. 300 వరకు పడినా ఫర్వాలేదని మాన్యువల్ అంటుంది. నా ఇంజిన్‌లో అది మామూలుగా 100 దగ్గర ఉంటుంది. ఒక ఉదయం ఒక వైపు 200 దాటింది. 300 హద్దు లోపలే ఉంది, ఆ ఒక్క అంకె ప్రకారం ఎగరొచ్చు. కానీ 100 ఎందుకు 200 అయింది?

నేను ఆ రోజు ఎగరలేదు. టాక్సీ చేసుకుంటూ వెనక్కి వచ్చే ముందే అదే పరీక్ష మళ్లీ చేసి, ఈసారి ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు చూశాను. ఒక ఇగ్నిషన్ ఆపినప్పుడు మంట నిదానంగా మండుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వేడి పెరగాలి. మూడు సిలిండర్లలో పెరిగింది, నాలుగోదాంట్లో పెరగలేదు. అంటే ఇంకా కౌలింగ్ విప్పకముందే ఎనిమిది ప్లగ్గుల్లో దేని దగ్గర చూడాలో తెలిసిపోయింది. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాను. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా ప్లగ్ విప్పితే మరలు పాడవుతాయి. తర్వాత ఆ ప్లగ్ తీసి అదే సర్క్యూట్‌లో ఉన్న మరో సిలిండర్లో పెట్టి, దాని ప్లగ్ ఇక్కడ పెట్టాను. ఇంకేమీ ముట్టుకోలేదు. లోపం ప్లగ్గుతో పాటు వెళితే తప్పు ప్లగ్గుది. ఉన్నచోటే ఉంటే తప్పు వైరుదో, వైరు చివర ప్లగ్గు మీద తొడిగే క్యాపుదో, అంతకన్నా వెనకదో. ఉన్నచోటే ఉంది. క్యాప్ పట్టుకుని మెల్లగా మెలిపెడితే వైరు మీద వదులుగా తిరుగుతోంది. లోపల మరకు పట్టు పోయింది. వైరు చివర కొంచెం కత్తిరించి, క్యాప్‌ని మళ్లీ గట్టిగా ఎక్కిస్తే డ్రాప్ మళ్లీ 100కి వచ్చింది.

ఎనిమిది ప్లగ్గులూ ఒకేసారి మార్చేసి ఉంటే ఏమయ్యేది? ఆ కంగారులో క్యాప్ కాస్త కదిలి, తాత్కాలికంగా సర్దుకుని ఉండేది. సమస్య తీరిందని లాగ్‌బుక్‌లో రాసుకునేవాళ్లం. మళ్లీ ఎప్పుడో, ఎక్కడో అది వదులయ్యేది. పార్టులు మార్చుకుంటూ పోయే పద్ధతి మీద నాకున్న అసలు అభ్యంతరం ఖర్చు గురించి కాదు. లోపం పోయినా ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి, నిజంగా పోయిందో లేదో కూడా తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చు, ఫలితం చూడు, రాసుకో, తర్వాతే రెండోది ముట్టుకో. చిరాకు తెప్పించేంత నెమ్మదైన పద్ధతే. దాన్ని మించిన పద్ధతి మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఎలక్ట్రికల్ లోపాలంటే ఓనర్లకు మరీ టెన్షన్. నిజానికి ఓనర్ తన సొంత పరిశీలనతో త్వరగా పట్టుకోగలిగినవి అవే. ఒక సాయంత్రం ల్యాండింగ్ లైట్ వేయగానే ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఒక్క గెంతు పైకి గెంతింది. లైట్ ఆపితే మళ్లీ కిందకు వచ్చింది. హ్యాంగర్ దగ్గర అడిగితే సెన్సర్ పోయిందని, కొత్తది తెప్పించమని సలహా ఇచ్చారు. కానీ సుమారు 3 లీటర్ల ఆయిల్ ఒక్క సెకనులో వేడెక్కదు, ఒక్క సెకనులో చల్లారదు. ముల్లు క్షణంలో ఎగిరిందంటే కదిలింది కరెంటు. ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే, ఆయిల్ ముల్లుతో పాటు సిలిండర్ హెడ్ టెంపరేచర్ ముల్లు కూడా అదే క్షణంలో అటే కదులుతోంది. రెండు సెన్సర్లు ఒకేసారి, ఒకే స్విచ్ నొక్కితే పాడవుతాయా? ఆ రెండు మీటర్లకూ, ఆ లైటుకూ ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతకాలి. ప్యానెల్ వెనక అన్నిటి ఎర్త్ వైర్లూ వచ్చి చేరే పట్టీ ఉంది. అక్కడి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి ఒకే ఒక లావు వైరు వెళుతుంది.

మల్టీమీటర్ని డీసీ వోల్టేజీలో పెట్టి, ఒక కొన ఆ పట్టీ మీద, ఇంకో కొన బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద ఆనించాను. రెండూ ఎర్తే కాబట్టి మధ్యలో దాదాపు సున్నా ఉండాలి. లైట్ ఆపి ఉన్నప్పుడు అలాగే ఉంది. లైట్ వేయగానే అర వోల్టు పైన చూపించింది. లైట్ తాగే కరెంటు తిరిగి వెళ్లే దారిలో ఎక్కడో అడ్డు తగులుతోందన్నమాట. ప్యానెల్ ఎర్త్ పైకి లేచిన మేరకు, మీటరు సెన్సర్ని తప్పుగా చదివి ఎక్కువ వేడి చూపిస్తోంది. మీటరు కొనను ఒక్కో జాయింటు దాటిస్తూ పోతే, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉన్న గోడ) దగ్గరున్న బోల్టు దాటగానే ఆ అర వోల్టు మాయమైంది. బోల్టు విప్పితే రింగు టెర్మినల్ కింద పెయింటు పొర, దాని అంచున పచ్చగా పట్టిన చిలుము. పెయింటు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, అదే రెండు చోట్ల అదే లైటు వేసి కొలిస్తే సున్నాకు దగ్గరగా వచ్చింది. ముల్లు కదలడం ఆగింది. సెన్సర్ ఇప్పటికీ పాతదే.

బిగుతుగా ఉందా అని కళ్లతో చూస్తే ఆ జాయింటులో ఏ లోపమూ కనిపించదు. కరెంటు పారని స్థితిలో ఓమ్స్ కొలిచినా చాలాసార్లు బాగానే చూపిస్తుంది. లోడ్ ఉన్నప్పుడు వోల్టేజీ ఎక్కడ పడుతోందో కొలవాలి. మల్టీమీటర్ కొనుక్కున్న ప్రతి ఓనరూ మొట్టమొదట నేర్చుకోవాల్సిన పరీక్ష ఇదే అంటాను. విమానం కొత్తగా, బాగా ఉన్నప్పుడే స్టార్టరు, లైట్లు, రేడియో నడుస్తుండగా ముఖ్యమైన ఎర్త్ జాయింట్ల దగ్గర ఈ విలువలు కొలిచి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఐదేళ్ల తర్వాత ఆ కాగితమే పెద్ద దిక్కు.

ఆయిల్ ఫిల్టర్ విషయం కూడా ఇంతే. తీసిన ఫిల్టర్ని చెత్తబుట్టలో పడేయకూడదు, కోసి చూడాలి. హ్యాక్‌సా బ్లేడుతో కోస్తే ఆ రంపపు పొడే లోపల పడి భయపెడుతుంది కాబట్టి ఫిల్టర్ కట్టర్ వాడాలి. లోపలి మడతల కాగితాన్ని విప్పి, ఆయిల్ పిండేసి, వెలుతురులో పరిచి, పక్కన అయస్కాంతం పెట్టుకుని చూడాలి. కొంచెం మెరుపు పొడి కనిపిస్తే అది కొత్త ఇంజిన్ సర్దుకుంటున్న ఆనవాలా, గేర్‌బాక్స్ అరుగుతున్న ఆనవాలా అన్నది ఒక్క ఫిల్టర్ చూసి ఎవరూ చెప్పలేరు. కిందటిసారిదీ అంతకు ముందుదీ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పొచ్చు. వేరే ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఆ ఫోటోలు చూపిస్తే ఆయన సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చేత్తో పని చేయడం అలవాటైన ఓనర్‌కి ప్రతి వారం ఏదో ఒకటి విప్పాలనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ బాంబర్ల రిపేరు లెక్కల్ని వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త బృందం పరిశీలించింది. 50 గంటలకోసారి జరిగే తనిఖీ అయిన వెంటనే రిపేర్లు పెరుగుతున్నాయని, గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నాయని తేలింది. బాగున్నదాన్ని విప్పి బిగించడమే కొత్త లోపాలు తెస్తోంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం రాసిన నివేదికలోనూ ఇలాంటి చిత్రమే ఉంది. వాళ్లు చూసిన విమాన భాగాల్లో వయసు పెరిగేకొద్దీ పాడయ్యే ధోరణి కనిపించినవి 11 శాతమే. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా పాడై, ఆ గండం దాటాక నిలకడగా నడిచాయి. అవి పెద్ద విమానాల లెక్కలు, మన చిన్న ఇంజిన్‌కి అంకె అంకెగా అన్వయించలేం. కానీ అకారణంగా విప్పొద్దు అన్న నీతి మాత్రం అన్ని విమానాలకూ చెల్లుతుంది. ఇగ్నిషన్ డ్రాప్, ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రతలు, చేతికి తగిలే కంప్రెషన్ రాసి పెట్టుకున్నవాడికి మూసి ఉన్న ఇంజిన్ని మూసి ఉంచే ధైర్యం వస్తుంది.

రబ్బరు దీనికి మినహాయింపు. పెట్రోలు గొట్టాలు, నీటి గొట్టాలు, ఆయిల్ గొట్టాలు, కార్బ్యురేటర్ని పట్టుకునే రబ్బరు సాకెట్లు పైకి ఎంత నిగనిగలాడుతున్నా ఐదేళ్లకు మార్చాలని రోటాక్స్ చెబుతుంది. అవి లోపలి నుంచి గట్టిపడి పొరలుగా ఊడుతాయి, బయటికి తెలియదు. కార్బ్యురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్లు కూడా అంతే. కొన్ని పెట్రోలు పీల్చుకుని బరువెక్కి మునుగుతాయి. దాంతో ఒక కార్బ్యురేటర్‌లో పెట్రోలు పొంగి, ఇంజిన్ ఐడిల్లో (నెమ్మదిగా తిరిగేటప్పుడు) కొట్టుకుంటుంది. రెండు ఫ్లోట్లూ కలిపి 7 గ్రాములు దాటకూడదు. దీనికి కావలసిందల్లా ఒక చిన్న డిజిటల్ తూకం. ఐడిల్ సరిగా లేదనగానే స్క్రూలు తిప్పే ముందు ఆ ఫ్లోట్లు తూచండి.

"ఓనర్లు చేసిన పనులు సరిదిద్దడంతోనే నాకు సరిపోతోంది" అని ఒక సీనియర్ మెకానిక్ నాతో అన్నారు. ఆయన మాట నేను తేలిగ్గా తీసుకోను. బోల్టు ఊడకుండా కట్టే సేఫ్టీ వైరుని, వదులు చేసే దిక్కుకి లాగి కట్టినవాళ్లని నేనూ చూశాను. కంట్రోల్ కేబుల్ దగ్గర పని చేసి, రెండో మనిషికి చూపించకుండా ఎగిరినవాళ్లనీ చూశాను. అందుకు నా జవాబు ఓనర్లు దూరంగా ఉండాలని కాదు, ఇంకా దగ్గరకు వచ్చి ఆయన పక్కన నిలబడి నేర్చుకోవాలని. ఎక్కడ ఆగాలో కూడా అక్కడే తెలుస్తుంది. నా విషయంలో ఆ గీత స్పష్టంగా ఉంది. గేర్‌బాక్స్ లోపలికి వెళ్లను. విమానానికున్న రాకెట్ పారాచూట్ జోలికి అసలు వెళ్లను, దాన్ని ఆ పని తెలిసినవాళ్లకే అప్పగిస్తాను. కంట్రోల్స్, ప్రొపెల్లర్ బోల్టులు ముట్టుకుంటే చట్టం అడగకపోయినా ఇంకొకరి కళ్లతో చూపించాకే కౌలింగ్ మూస్తాను. మధ్యలో ఎవరైనా పిలిస్తే, వదిలేసిన చోట ఎర్ర గుడ్డ కట్టి వెళతాను. పని చేసిన తర్వాత మొదటి ఫ్లైట్‌లో ఎవర్నీ ఎక్కించుకోను. ఎయిర్‌పోర్టు మీదే తిరిగి, దిగి, కౌలింగ్ విప్పి, ఎక్కడైనా ఆయిల్ తడి, వదులైన బిగింపు ఉన్నాయేమో చూస్తాను.

1903లో రైట్ సోదరులు ఎగిరిన విమానాన్ని వాళ్లే కట్టారు. దాని ఇంజిన్ తయారు చేసిన చార్లీ టేలర్ వాళ్ల సైకిల్ షాపులోనే పనిచేసేవాడు. విమానాలు పెరిగి, నడిపేవాడు ఒకడు, బాగుచేసేవాడు ఒకడు అయ్యారు. వందల మందిని మోసే విమానాలకు అదే మంచి పద్ధతి. రెండు సీట్ల విమానానికి ఆ గోడ అవసరం లేదు.

అయినా ఆ గోడని మనం చదువు మొదట్లోనే కట్టేస్తున్నాం. స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్‌కి కనీసం 20 గంటల ఫ్లయింగ్ కావాలి. రన్-అప్‌లో (టేకాఫ్ ముందు చేసే ఇంజిన్ పరీక్షలో) డ్రాప్ హద్దు దాటితే వెనక్కి వచ్చెయ్యమని ఆ గంటల్లో ప్రతి విద్యార్థికీ నేర్పుతారు. వెనక్కి వచ్చాక ఏ ముల్లు చూడాలో, మెకానిక్‌కి ఏం చెప్పాలో నేర్పేవాళ్లు అరుదు. "ఇంజిన్ సరిగా లేదు" అని చెప్పే పైలట్‌కీ, "కుడి ఇగ్నిషన్ మీద 220 పడుతోంది, మామూలుగా 100, మూడో సిలిండర్ వేడి పెరగడం లేదు" అని చెప్పే పైలట్‌కీ మెకానిక్ చేసే సహాయంలో ఎంత తేడా ఉంటుందో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతారు. రెండో పైలట్ స్పానర్ పట్టుకోనక్కరలేదు, అంకెలు తెలిస్తే చాలు. ఇన్‌స్ట్రక్టర్లకు నా విన్నపం ఒకటే: విద్యార్థి సోలోకి వెళ్లే ముందు ఒక పూట కౌలింగ్ విప్పి, ఆ విమానం బాగున్నప్పటి అంకెలన్నీ అతని చేతనే చూపించి, అతని నోట్‌బుక్‌లోనే రాయించండి. అద్దె విమానమైనా సరే.